సెరొటోనిన్ కణాల మీద పెత్తనం ఎవరిది? – ఒక చారల చేప చెప్పే పాఠం

పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఏటా నాకు ఎదురయ్యే వాక్యం ఒకటుంది: "సెరొటోనిన్ అనేది ఆనందాన్ని కలిగించే హార్మోను." దానికి నేను అర మార్కు కోస్తాను. "వారపత్రికలో అలాగే వేశారు గదా సార్!" అని పిల్లలు దెబ్బలాటకు వస్తారు. వారపత్రికలకు నేను మార్కులు వెయ్యలేను గాని, ఆ వాక్యంలో వున్న చిక్కేమిటో ఈ సంచికలో తీరిగ్గా చెప్పే అవకాశం దొరికింది. చిక్కు ఆనందం అనే మాటలో మాత్రమే లేదు. సెరొటోనిన్ అనగానే, దాన్ని తయారుచేసే కణాలన్నీ ఒకే కులానికి చెందినవన్నట్టు మనం తీసుకోవటంలో వుంది. అవి ఒకటి కావు. ఆ సంగతిని స్పష్టంగా బయటపెట్టింది మనిషీ కాదు, కోతీ కాదు. చిటికెన వేలంత పొడవు కూడా లేని ఒక చేప.

ముందు పదార్థం సంగతి. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తపు సీరంలోంచి రక్తనాళాలను బిగించే పదార్థాన్ని వేరుచేశారు. సీరంలో దొరికింది, టోన్ అంటే బిగువు పెంచుతుంది, కాబట్టి సెరొటోనిన్ అన్నారు. ఇటలీలో ఎర్‌స్పామర్ అంతకు ముందే పేగు గోడల్లో చూసి ఎంటెరమీన్ అని పిలిచింది కూడా ఇదేనని తరవాత తేలింది. అది మెదడులో కూడా వుందని 1953లో బెట్టీ ట్వారోగ్, పేజ్ చూపించారు. ఈనాటికీ లెక్క చూస్తే మన ఒంట్లోని సెరొటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళు పేగుల్లోనే వుంటుంది. ఆ పేగు సరుకు మెదడులోకి పోలేదు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ రానివ్వదు. మెదడు తనకు కావలసింది తనే వండుకోవాలి.

మెదడులో వండే చోటు ఏదో 1964లో స్వీడన్‌లో డాల్‌స్ట్రామ్, ఫ్యూక్సె అనే ఇద్దరు పటం గీసి చూపారు. ఎండబెట్టిన మెదడు పొరలకు ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టిస్తే సెరొటోనిన్ వున్న కణాలు సూక్ష్మదర్శినిలో పసుప్పచ్చగా వెలుగుతాయి. ఆ వెలుగు మెదడు కాండం మధ్యగీత పొడవునా వరసగా కనిపించింది. ఆ ప్రాంతాన్ని రాఫే అంటారు. గ్రీకులో ఆ మాటకు కుట్టు అని అర్థం. రెండు గుడ్డ ముక్కలు కలిపి కుట్టినచోట గీత ఎలా వుంటుందో, మెదడు కుడి ఎడమ సగాల మధ్య అలా వుంటుందన్నమాట. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, రాఫేలోవి కొన్ని లక్షలు మాత్రమే. అయితే వాటి తంతువులు మెదడంతా, వెన్నుపాము చివరిదాకా అల్లుకుని వుంటాయి. నిద్ర, ఆకలి, భయం, కోపం, కదలిక – దేని గురించి అడిగినా వీటి పేరు వినబడేది అందుకే.

ఇక అసలు ప్రశ్న. ఒంట్లో ప్రతి కణంలోనూ అదే డి.ఎన్.ఏ., అవే జన్యువులు. సెరొటోనిన్ చెయ్యటానికి కావలసిన జన్యువు మీ మోకాలి చర్మంలోనూ వుంది. మరి అన్ని కోట్ల కణాల్లో ఆ కాసిని మాత్రమే దాన్ని ఎందుకు వాడుకుంటున్నాయి?

సెరొటోనిన్ కణం అనిపించుకోవాలంటే ఒక్క జన్యువు పలికితే చాలదు. మన క్యాంటీన్‌లో టీ వ్యవహారమే చూడండి. కాచేవాడొకడు, ఫ్లాస్కుల్లో నింపేవాడొకడు, మిగిలింది వెనక్కి తెచ్చేవాడొకడు, పాసిపోయింది పారబోసేవాడొకడు. అందరూ ఒకేచోట, ఒకే వేళకు వుండాలి. కణంలో కూడా అంతే. ట్రిప్టొఫాన్ అనే ఎమైనో ఆమ్లాన్ని పట్టుకుని మొదటి మార్పు చేసే ఎంజైము టి.పి.హెచ్. అసలు కీలకం ఇదే. రెండో ఎంజైము పని ముగించి సెరొటోనిన్‌గా దించుతుంది. దాన్ని చిన్న చిన్న తిత్తుల్లో నింపేందుకు ఒక ప్రోటీను. బయటికి వదిలిన సెరొటోనిన్‌ను మళ్ళీ లోపలికి లాక్కునేందుకు సెర్ట్ అనే మరో ప్రోటీను. అక్కర తీరినదాన్ని విరగ్గొట్టేందుకు ఇంకొక ఎంజైము. ఈ సెర్ట్ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పనుంది. దిగులు జబ్బుకు డాక్టర్లు రాసే ఫ్లుఒక్సెటీన్, సిటలొప్రామ్ వంటి మందులు అడ్డుకునేది దీన్నే.

టి.పి.హెచ్. ఒకటి కాదు, రెండున్నాయని 2003లో బెర్లిన్‌లో బాడెర్ బృందం కనిపెట్టిన పద్ధతి ముచ్చటగా వుంటుంది. వాళ్ళు చిట్టెలుకల్లో అప్పటికి తెలిసిన ఒకే ఒక్క టి.పి.హెచ్. జన్యువును తీసేశారు. రక్తంలో సెరొటోనిన్ దాదాపు మాయమైంది, మెదడులో మాత్రం ఇంచుమించు ఎప్పటిలాగే వుంది. అంటే మెదడు వేరే వంటవాణ్ణి పెట్టుకుందన్నమాట. వెతికితే రెండో జన్యువు దొరికింది. మొదటిదానికి టి.పి.హెచ్.-1 అనీ, మెదడుదానికి టి.పి.హెచ్.-2 అనీ పేర్లు.

ఇంతమందినీ ఒకేసారి పనిలోకి పిలిచేదెవరు? 1961లో జాకబ్, మోనో బాక్టీరియాలో చూపిన సూత్రమే ఇక్కడా ఆధారం. ప్రతి జన్యువుకూ పక్కన, ఒక్కోసారి దూరంగా, ప్రోటీను తయారుచెయ్యని డి.ఎన్.ఏ. ముక్కలుంటాయి. అవి నియంత్రణ ప్రాంతాలు. ఫలానా ప్రోటీను వచ్చి వాటి మీద కూర్చుంటే జన్యువు పలుకుతుంది, లేకపోతే మౌనం. అలా కూర్చునే ప్రోటీన్లను పుస్తకాల్లో అనులేఖన కారకాలు అంటారు. ఆ మాట క్లాసులో ఎవరికీ నోరు తిరగటం లేదు గనక నేను వాటిని పెత్తందారు ప్రోటీన్లు అంటుంటాను.

సెరొటోనిన్ కణాల పెత్తందారు క్లీవ్‌లాండ్‌లోనే దొరకటం చిత్రం. అక్కడి కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో డెనెరిస్ బృందం పెట్-1 అనే ప్రోటీనును 1999లో వర్ణించింది. మెదడులో అది రాఫే కణాల్లో తప్ప ఇంకెక్కడా కనబడదు. సెరొటోనిన్ పుట్టటానికి కొంచెం ముందుగా ప్రత్యక్షమౌతుంది. దాన్ని తీసేసిన చిట్టెలుకల్లో సెరొటోనిన్ కణాల్లో ఎక్కువ భాగం లేకుండా పోయాయని, ఆ ఎలుకలు పెరిగాక బెదురుగా, కొట్లాటకు సిద్ధంగా వుంటున్నాయని 2003లో చూపారు. లేకుండా పోయాయంటే చచ్చిపోయాయని కాదు. 2008లో ఆ బృందమే మళ్ళీ వెతికి చూస్తే ఆ కణాలు వాటి స్థానాల్లోనే బతికి వున్నాయి. ఇల్లుంది, మనిషి వున్నాడు, వృత్తి లేదు. అదే ఏడు ఇంకో పరిశీలన వచ్చింది. పెట్-1 లేని తల్లి ఎలుక ఈనిన పిల్లలు బతకటం లేదు. ఆ పిల్లల్నే తీసుకెళ్ళి మామూలు ఎలుక దగ్గర వుంచితే బతుకుతున్నాయి. లోపం పిల్లల్లో లేదు, తల్లి చూసుకునే తీరులో వుంది. ఈ ఒక్క ఫలితం చెప్పిన రోజున నా క్లాసు గంట కొట్టాక కూడా లేవలేదు.

ఇంకో మాట. పెట్-1 పని పుట్టుకతో అయిపోదు. ఎలుక పెద్దదయ్యాక దాన్ని తీసేసినా బెదురు పెరుగుతుందని 2010లో తేలింది. కణానికి వృత్తి ఒకసారి వస్తే చాలదు, జీవితాంతం ఎవరో ఒకరు గుర్తుచేస్తూ వుండాలి.

పెట్-1 మాత్రం ఎవరి మాట వింటుంది? దానికీ పై అధికారులున్నారు. పిండం వెనక మెదడు అడుగుభాగం నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేతం వస్తుంది. దాని ప్రభావంతో కొన్ని పెత్తందారు ప్రోటీన్లు వరసగా పలుకుతాయి. వాటిలో గాటా-2 అనేది నేరుగా పెట్-1 నియంత్రణ ప్రాంతం మీద కూర్చుంటుంది. ఈ కణాలు పుట్టే మడి కూడా విచిత్రమైనదే. చిట్టెలుకలో అదే మడి ముందు ఒక పంట వేస్తుంది, అవి కదలిక నాడీకణాలు. ఆ పంట కోత అయ్యాక ఫాక్స్-2బి అనే జన్యువు మౌనం వహిస్తే రెండో పంటగా సెరొటోనిన్ కణాలు వస్తాయి. వెనక మెదడులో నాలుగో గదిలో ఫాక్స్-2బి నోరు మూయదు, అక్కడ సెరొటోనిన్ పంటే లేదు.

ఇదంతా చిట్టెలుక కథ. చిట్టెలుక పిండం తల్లి కడుపులో, చీకట్లో పెరుగుతుంది. ప్రతి దశ చూడాలంటే తల్లిని చంపాలి. ఇక్కడే మన చేప రంగంలోకి వస్తుంది.

జీబ్రా చేప, శాస్త్రీయ నామం డేనియో రెరియో. ఇది మన దేశపు నీళ్ళ చేపే. దాన్ని మొదట వర్ణించినవాడు ఫ్రాన్సిస్ హామిల్టన్, 1822లో, గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో. ఆ చేపకు ప్రయోగశాల యోగం పట్టించినవాడు అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయపు జార్జ్ స్ట్రైసింగర్, ఆయన ప్రసిద్ధ వ్యాసం 1981లో వచ్చింది. 2013లో దాని జన్యుపటం అచ్చయింది. సుమారు 140 కోట్ల అక్షరాలు, 26 వేల పైచిలుకు ప్రోటీను జన్యువులు. మనిషి జన్యువుల్లో నూటికి డెబ్బై దానికి కనీసం ఒక బంధువు చొప్పున దాన్లో వున్నాయి. గుడ్డు తల్లి బయటే పెరుగుతుంది, పిండం గాజులా పారదర్శకం. రెండు రోజులకు రాఫేలో సెరొటోనిన్ కనబడుతుంది, అయిదు రోజులకు పిల్ల స్వేచ్ఛగా ఈదుతుంది. సోమవారం గుడ్డు పెడితే శనివారానికి దాని ప్రవర్తన చదవొచ్చు. మన దేశంలోనూ హైదరాబాద్ సి.సి.ఎం.బి. వంటి చోట్ల ఈ చేపను పెంచి పరిశోధనలు చేస్తున్నారు.

చేపలో సెరొటోనిన్ కథను ఎక్కువగా విప్పింది బాలీ-క్యూఫ్, లిల్లెసార్ అనే ఇద్దరు మహిళలు, వారి సహచరులు. 2009లో వాళ్ళు చేసిన ప్రయోగం ఒకటి నాకు పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గదిగా కనిపిస్తుంది. చేప పెట్-1 జన్యువుకు ముందున్న డి.ఎన్.ఏ.లో 3,200 అక్షరాల ముక్క తీసుకున్నారు. దానికి జెల్లీఫిష్‌లోని పచ్చ వెలుగు ప్రోటీను జన్యువును తగిలించారు. ఆ వెలుగు ప్రోటీనుకు 2008లో నోబెల్ బహుమతి వచ్చిన సంగతి మీకు తెలుసు. అలా కలిపినదాన్ని చేప గుడ్డులో ఎక్కించారు. ముక్కలో ఆజ్ఞ మాత్రమే వుంది, పెట్-1 ప్రోటీను రాతలేదు. అయినా పిల్ల ఎదిగేకొద్దీ రాఫే కణాలు పచ్చగా వెలిగాయి, వాటి తంతువులు ఎక్కడెక్కడికి పోతున్నాయో బతికున్న చేపలోనే కనిపించింది. "ఎక్కడ పలకాలి" అన్న చిరునామా మొత్తం ఆ 3,200 అక్షరాల్లో ఇమిడి వుందన్నమాట. నియంత్రణ అనేది ఊహ కాదు, కత్తిరించి అతికించగల వస్తువు అని విద్యార్థికి నమ్మకం కలగటానికి ఇంతకన్న ఏం కావాలి?

అయితే ఆ చేపలో వెలగని చోటు వెలిగిన చోటుకన్నా ముఖ్యం. మనిషిలో, ఎలుకలో మెదడు సెరొటోనిన్ కణాలు రాఫేకే పరిమితం. చేపలో అలా కాదు. కప్పలో, బల్లిలో, పక్షిలో కూడా కాదు. హైపోథలమస్‌లో మరో పెద్ద గుంపు వుంటుంది. మెదడు లోపలి గదుల్లో వుండే ద్రవం ఒడ్డున ఆ కణాలు బారులు తీరి, కాలవ గట్టున కూర్చుని నీళ్ళలో కాళ్ళు జారవిడిచినట్టు, తమ కొసను ద్రవంలోకి చాచి వుంటాయి. సెరొటోనిన్ వాటిలో పుష్కలం. కాని పెట్-1 వాటిలో లేదు! 2007లో ఈ బృందం ఆ విషయాన్ని స్పష్టం చేసింది. టి.పి.హెచ్. కూడా వేరే. రాఫేలో టి.పి.హెచ్.-2 పలికితే హైపోథలమస్‌లో ప్రధానంగా టి.పి.హెచ్.-1ఎ పలుకుతుంది. సెర్ట్ కూడా రెండు రకాలు. ఎ రకం రాఫేలో, బి రకం హైపోథలమస్‌లో.

ఈ జంట జన్యువుల వెనక పాత కథ వుంది. ముప్ఫై కోట్ల ఏళ్ళకు పైమాటే, ఈ చేపల పూర్వీకుల్లో ఒకదానికి జన్యుసంపద మొత్తం రెట్టింపైంది. ప్రతి జన్యువుకూ ఒక కవల వచ్చింది. చాలా కవలలు కాలక్రమంలో చెడిపోయాయి. కొన్ని మాత్రం అన్నదమ్ములు వాటాలు పంచుకున్నట్టు పంచుకున్నాయి. ఒకటి రాఫే ఆజ్ఞను నిలుపుకుని హైపోథలమస్ ఆజ్ఞను పోగొట్టుకుంది, రెండోది అటుదిటు. ప్రోటీనులో పెద్ద తేడా లేదు, మారింది పక్కనున్న నియంత్రణ ప్రాంతమే. ఇలా జరుగుతుందని ఓరెగాన్‌లోనే 1999లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు, సెర్ట్ దానికి చక్కని ఉదాహరణ.

మరి హైపోథలమస్ గుంపుకు పెత్తందారు ఎవరు? 2013లో జవాబు వచ్చింది. అక్కడ ఎఫ్.జి.ఎఫ్. అనే పెరుగుదల సంకేతం ఇ.టి.వి.-5బి అనే ప్రోటీను ద్వారా పని చేయిస్తుంది. ఇ.టి.వి.-5బి తగ్గిస్తే ఆ గుంపు తగ్గిపోతుంది. ఇందులో తమాషా ఏమిటంటే పెట్-1, ఇ.టి.వి.-5బి రెండూ ఎట్స్ అనే ఒకే ప్రోటీను వంశంలోవి. దాయాదులు చెరొక ఊరికి మునసబులైనట్టుంది. రెండు ఊళ్ళలో పండేది ఒకటే పంట, విత్తనం తెచ్చిన దారి వేరు, నీరు పెట్టే కాలవ వేరు.

ఎట్స్ వంశం గురించి తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న అడగాలి. ఇవి డి.ఎన్.ఏ. మీద పట్టుకునే గుర్తులో ముఖ్యభాగం జి-జి-ఎ-ఎ అనే నాలుగక్షరాలే. నాలుగక్షరాల మాట కేవలం యాదృచ్ఛికంగానే 256 అక్షరాలకు ఒకసారి తగులుతుంది. 140 కోట్ల అక్షరాల చేపలో ఒక్క పోగు మీదే యాభై లక్షలకు పైగా చోట్లు! పెట్-1 వాటిలో తనకు కావలసిన కొన్నింటినే ఎలా ఎంచుకుంటుంది? నిజానికి అది ఒంటరిగా ఎంచుకోదు. పక్కన ఎల్.ఎం.ఎక్స్.-1బి, గాటా వంటి తోడు ప్రోటీన్ల గుర్తులు కూడా వుండాలి. అన్నిటికీ మించి, ఆ చోట డి.ఎన్.ఏ. హిస్టోన్ల చుట్టూ గట్టిగా చుట్టుకుని వుండకూడదు. మూసిన పుస్తకంలో ఎన్ని మంచి మాటలుంటే ఏం లాభం! పెట్-1, ఎల్.ఎం.ఎక్స్.-1బి జంట చిట్టెలుక కణాల్లో ఆ చుట్లు విప్పటంలో కూడా పాలుపంచుకుంటుందని డెనెరిస్ బృందం 2022 నాటికి చూపింది. అంటే ఇవి తెరిచిన పేజీని చదివేవే కాదు, పేజీని తెరిచేవి కూడా.

ఇక్కడికి మొదటి వాక్యం సంగతి తేలిపోతుంది. రాఫే కణం, హైపోథలమస్ కణం ఒకే రసాయనాన్ని వదులుతాయి. వాటి పుట్టుక వేరు, పెత్తందారు వేరు, వంటవాడు వేరు, పొరుగు వేరు. ఇక వాటి పనులు ఒకటిగా వుంటాయని ఎలా అనగలం? రాఫే ఒక్కదాని పనులే చూడండి. 2016లో కవషిమ, ఆరెన్స్ ప్రభృతులు చూపినదాన్ని బట్టి, తోక ఒకసారి ఆడిస్తే ఎంత దూరం పోతున్నానన్నది చేప పిల్ల నేర్చుకుని గుర్తుంచుకోవటంలో వెనక రాఫే కణాలకు భాగం వుంది. 2019లో కాలిఫోర్నియాలో టి.పి.హెచ్.-2 చెడిన చేపలను పరిశీలిస్తే అవి మామూలు చేపలకన్నా తక్కువ నిద్రపోతున్నాయి. కదలిక లెక్క, నిద్ర – వీటిలో ఆనందం ఎక్కడుంది? మనిషి మనోవ్యాధికి చేపలో మందు వెతికేవారు కూడా ఒకటి మరవకూడదని నా అభిప్రాయం. రాఫే మేరకు చేప మనకు దగ్గర చుట్టమే. మొత్తం మెదడు నూరి సెరొటోనిన్ కొలిచి ఫలితం రాస్తే మాత్రం, మనలో లేనే లేని హైపోథలమస్ గుంపు కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది. అలాంటి కొలతలు అచ్చులో చూసినప్పుడల్లా నాకు అనుమానమే.

ఇదంతా దూరదేశపు ప్రయోగశాలల గొడవ అనుకునేవారికి ఒక సంగతి. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం మన హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు దగ్గర, సుమారు 90 మందుల తయారీదార్ల వ్యర్థజలం శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించింది. సిప్రొఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వుందన్నది లోకమంతా చెప్పుకుంది. అదే జాబితాలో సిటలొప్రామ్ కూడా వుంది, లీటరుకు సుమారు 800 మైక్రోగ్రాములు. గుర్తుంచుకోమన్న సెర్ట్‌ను అడ్డుకునే మందు అది. ఆ అంకె శుద్ధి కేంద్రం వదిలిన నీటిది, చెరువుదో ఏరుదో కాదు; కలిసిన చోట పలచబడుతుంది. అయినా చేపకు చీటీ రాసి ఇచ్చిన డాక్టరు లేడు. సెర్ట్-ఎ, సెర్ట్-బి రెండూ వున్న జీవికి ఆ మందు రాఫే అనీ హైపోథలమస్ అనీ తేడా చూడదు.

ఎంత తక్కువ మోతాదు లెక్కలోకి వస్తుందో 2018లో కెనడాలో అట్టావా విశ్వవిద్యాలయం వారు జీబ్రా చేపలో చూశారు. గుడ్డు దశనుంచి మొదటి ఆరు రోజులు మాత్రమే ఫ్లుఒక్సెటీన్ కలిపిన నీటిలో వుంచారు. ఒక మోతాదు మందు వాడే తల్లుల బొడ్డుతాడు రక్తంలో వుండేంత, ఇంకొకటి దానికి నూరో వంతు, మురుగునీటిలో దొరికేంత. తరవాత మంచినీటికి మార్చారు. అవి పెద్దవయ్యాక చూస్తే ఒత్తిడికి స్పందించే కార్టిసాల్ తగ్గి వుంది, కొత్తచోటును తిరిగి చూసే చొరవ తగ్గింది, మగ చేపల్లో మరీను. (మందు వాడుతున్నవారెవరూ ఈ వ్యాసం చదివి మానెయ్యకూడదు. మానటం, మానకపోవటం డాక్టరు తేల్చవలసిన విషయం. చికిత్స లేని దిగులు జబ్బు తల్లికీ బిడ్డకీ తక్కువ ప్రమాదం కాదు.) వాటి పిల్లల్లో చూశారు, పిల్లల పిల్లల్లో చూశారు. ఆ మందు చుక్క కూడా తగలని మూడో తరంలోనూ కార్టిసాల్ తక్కువగానే వుంది. డి.ఎన్.ఏ. అక్షరం ఒక్కటి మారిందని వాళ్ళు అనటం లేదు. తరం నుంచి తరానికి పోయింది జన్యువుల రాత కాదు, వాటి మీది పెత్తనం అన్న దిశగానే ఇప్పుడు వెతుకులాట సాగుతోంది.